జపానమ్మ జడ

శుక్రవారం వచ్చిందంటే ఆ ఇంట్లో మూడు తలలకి నూనె పెట్టాలి. ముందు మనవరాలు అక్షరకి, తర్వాత కోడలు నీలిమకి, ఆఖర్న హాల్లో గోడమీదున్న జపానమ్మకి. శ్యామసుందరి ఈ వరస తప్పేది కాదు. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసుకుని, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని, పెద్దపళ్ళ దువ్వెన కొప్పులో గుచ్చుకుని కూర్చునేది. పరాయి దేశంలోని ఆ క్రాన్‌బర్న్‌లో చలి ఎముకలు కొరికే రోజుల్లో కూడా హీటరు పెంచి మరీ ఈ కార్యక్రమం కానిచ్చేది. ఇప్పుడెందుకమ్మా అని కొడుకు సుమంత్ గొణిగితే, "తలకి నూనె లేని ఇల్లు ఇల్లేనట్రా?" అనేది.

జపానమ్మ అంటే బొమ్మే. పొడుగాటి కాగితం మీద నల్లసిరాతో వేసిన బొమ్మ. పైనొక కర్ర, కిందొక కర్ర, అక్కర్లేనప్పుడు చాపలా చుట్టేసుకోవచ్చు. అందులో ఒక ఆడమనిషి మనవైపు వీపు పెట్టి కూర్చుని ఉంటుంది. ముఖం కనబడదు. కట్టుకున్న బట్ట నాలుగు గీతల్లో తేల్చేశాడు గానీ, జుట్టు మాత్రం ఆ వేసినాయనెవరో తనివితీరా వేశాడు. మెడ దగ్గర మొదలై నడుం దాకా విరబోసుకున్న జుట్టు, ఒక్క వంకర లేకుండా నిటారుగా జారిన జుట్టు. అది పెరిగేది.

ఆ బొమ్మ పక్కింటి ఫుమికో ఆంటీది. ఎప్పుడో వయసులో ఉండగా ఇక్కడి సిపాయిని పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చి, మొగుణ్ణీ, కొడుకునీ ఈ మట్టిలోనే కలిపి, ఒంటరిగా మిగిలిన ముసలావిడ. నీలిమ ఆవిడ చెత్తడబ్బాలు రోడ్డు మీదకి లాగిపెట్టేది, పులిహోర చేస్తే కంచె మీంచి అందించేది. ఇల్లమ్మేసి ఫ్రాంక్‌స్టన్‌లో వృద్ధుల హోమ్‌కి వెళ్ళిపోతూ, ఆంటీ చెక్కపెట్టె తెచ్చి నీలిమ చేతిలో పెట్టింది. "ఏడాదికి రెండు నెలలు వేలాడదియ్యి, చాలు. తర్వాత చుట్టి పెట్టెలో పెట్టు. నిద్రపోనివ్వాలి. లేకపోతే జుట్టు ఆగదు," అంది.

ఈ మాట విని శ్యామసుందరికి ఒళ్ళు మండింది. "పెట్టెలో దాచుకోడానికి అదేమైనా పట్టుచీరా? ఆడకూతుర్ని చుట్టచుట్టి అల్మరాలో పడేస్తామా? ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మన మనిషే," అని హాల్లో మేకు కొట్టించింది. బొట్టు పెడదామంటే నుదురు అటుంది. బొట్టు కుదరలేదు కాబట్టి, కనబడే జుట్టుకి చెయ్యాల్సిందంతా చేసింది. కాగితానికి, అందులోనూ సిరా బొమ్మకి, కొబ్బరినూనె మర్దనా చేసేవాళ్ళు భూమ్మీద ఇంకెవరైనా ఉంటారా అంటే ఉండరు. అది ఆ ఇంటివాళ్ళకే సాధ్యమైన పొరపాటు.

నూనె పడ్డాక ఇంకేముంది. ఆ జుట్టు నడుం దాటి, కింది కర్ర దాటి, గోడ దిగి, ఆర్నెల్లు తిరిగేసరికి కార్పెట్‌ని తాకింది. కాగితంలో ఉన్నంతసేపూ సిరా, కర్ర దాటి బయటికొస్తే మామూలు జుట్టు. శ్యామసుందరి దాన్ని మూడు పాయలు తీసి జడ వేసి, చివర అక్షర స్కూల్ రిబ్బను కట్టింది. కార్పెట్ కడగడానికొచ్చినతను ఆ జడ ఎత్తి కుర్చీ మీద పెట్టుకుని, పని చేసుకుని, మళ్ళీ ఎక్కడిదక్కడ దించి వెళ్ళాడు. కేరమ్ డౌన్స్ నుంచి చూడ్డానికొచ్చిన తెలిసినావిడ చాముండేశ్వరి గారైతే జడ చేత్తో తూచి, "ఏం నూనె వాడుతున్నారో మా కోడలికీ చెప్పండి వదినగారూ, దానికి మరీ పిలకైపోయింది," అంది.

అక్షర మాత్రం ఆ జడ జోలికి పోయేది కాదు. దానికి వాళ్ళమ్మ జడ ఉంది.

నీలిమది రింగుల జుట్టు. చిన్నప్పుడు తణుకులో అందరూ ఏడిపించేవాళ్ళు గానీ, పెళ్ళయ్యాక సుమంత్ చొక్కా బొత్తాలకి రోజూ ఒకటో రెండో వెంట్రుకలు చుట్టుకుని ఉండేవి. ఆఫీసులో మీటింగ్ మధ్యలో చూసుకుని, పారెయ్యబుద్ధి కాక, జేబులో వేసుకునేవాడు. అక్షరకి నెలల పిల్లప్పటి నుంచీ ఒకటే అలవాటు. పడుకునేటప్పుడు అమ్మ జడ చివర రింగులో చూపుడువేలు దూర్చాలి. ఉంగరం తొడుక్కున్నట్టు దూర్చి, గుప్పిట మూస్తే నిద్ర. ఇక్కడ వేసవిలో తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది, పిల్లల్ని ఏడున్నరకే పడుకోబెట్టాలి. కర్టెన్ల వెనక ఎండ మండిపోతున్నా సరే, ఆ రింగు వేలికి తగిలిందంటే అక్షర నిమిషంలో నిద్రపోయేది. రింగు జారదు, పాప లేవదు. తెల్లారి నీలిమే నెమ్మదిగా పాప వేలు ఊడదీసి ఆఫీసుకి తయారయ్యేది.

అక్షర ఇక్కడి బళ్ళో తొలి క్లాసైన ప్రెప్‌లో చేరిన ఏడాది ఆఖర్న నీలిమ రొమ్ములో గడ్డ తేలింది. పరీక్షలు చేశారు. మంచి గడ్డ కాదన్నారు.

ఆ సాయంత్రం శ్యామసుందరి కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్ళమంది. వెంకటేశ్వరస్వామి ముందు నిలబడి కొంగు చాచి, కోడలు ఈ గండం గట్టెక్కితే దాని తలనీలాలు నీకే ఇప్పిస్తాను స్వామీ అని మొక్కేసింది. నీలిమని అడగలేదు. అడిగితే వద్దంటుందని కాదు, దేవుడి దగ్గర అడిగేదేముందని. ఆవిడకి తెలియనిది ఒక్కటే. ఆ మందులు మొదలుపెడితే, దేవుడు అడగకముందే జుట్టు దానంతటదే రాలిపోతుందని.

రాలిపోయింది. దిండు మీద, షవర్ జాలీలో, సోఫా సందుల్లో, ఎక్కడ చూసినా రింగులే. సుమంత్ రోజూ పొద్దున్నే అందరికంటే ముందు లేచి, పాప చూడకుండా వాక్యూమ్ పట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం గరాజ్‌లోకి వెళ్తే తల్లి కింద పేపరు పరుచుకుని, వాక్యూమ్ సంచి చింపి, దుమ్ములోంచి ఒక్కో వెంట్రుకా ఏరుతూ కనబడింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"దేవుడి జుట్టురా ఇది. మొక్కేశాను." తలెత్తకుండానే చెప్పింది. "నిటారుగా ఉన్నవి ఆ జపానమ్మవి, ఇటు పెడుతున్నా. రింగులవి కోడలివి. పోయిన వారంది ఏం చేశావు?"

"మంగళవారం బిన్ లారీ తీసుకెళ్ళిపోయిందమ్మా."

శ్యామసుందరి చేతులు ఆగిపోయాయి. కోడలి జబ్బు పేరు విన్నప్పుడు కూడా నిబ్బరంగా ఉన్న మనిషి, ఆ పేపరు మీద వాలి బావురుమంది. దేవుడికి ఇస్తానన్నది చెత్తలో పోయిందంటే ఇక ఆ మొక్కు ఏ ముఖం పెట్టుకుని తీర్చడం? ఆ భయం ఆవిడలో ముల్లులా దిగబడిపోయింది.

మిగిలిన నాలుగు పోచలూ గీయించేసుకుని నీలిమ తలకి స్కార్ఫ్ కట్టుకుంది. పాపకి నెమ్మదిగా చెబుదామనుకుంది. ఒకరోజు స్కూల్ నుంచి వస్తూనే అక్షర బెడ్‌రూమ్ తలుపు తోసింది. నీలిమ అద్దం ముందు బోడితలతో ఉంది. పిల్ల అరవలేదు, ఏడవలేదు. వెనక్కి తగ్గి గోడకి ఆనుకుని, "మమ్మీ ఎక్కడ?" అంది.

"నేనేరా బంగారం."

అక్షర తల అడ్డంగా ఊపింది. ఆ సాయంత్రం పక్క వేశాక నీలిమ చెయ్యి చాపితే దగ్గరికి రాలేదు. దిండు చంకన పెట్టుకుని, దుప్పటి ఈడ్చుకుంటూ హాల్లోకి పోయి, కార్పెట్ మీద పడుకుని, జపానమ్మ జడ చివర గుప్పిట్లో పట్టుకుంది.

ఆ రోజు మొదలు అక్కడే పడక. ఇంకా వెలుగుండగానే హాల్లో కర్టెన్లు దించేసి, టీవీ కట్టేసి, అందరూ పిల్లుల్లా నడిచేవాళ్ళు. అయితే ఆ జుట్టు నున్నటి జుట్టు. ఎంత గట్టిగా పట్టుకున్నా జారిపోయేది. జారగానే అక్షర ఉలిక్కిపడి లేచేది, కార్పెట్ మీద తడుముకునేది, మళ్ళీ పట్టుకునేది. బెడ్‌రూమ్‌లో నీలిమ ఆ తడుముకోవడం వింటూ పడుకునేది. వెళ్ళి ఎత్తుకుంటే బిర్రబిగుసుకుపోతుంది. వెళ్ళకుండా ఉండాలంటే ప్రాణం ఒప్పదు.

"జుట్టు రాలినప్పుడు నాకు ఏడుపు రాలేదు," అంది సుమంత్‌తో. "అది పోయి ఆ బొమ్మ జడ పట్టుకున్న రోజు ఏడిచాను. తీసెయ్ దాన్ని. ఆప్ షాపులో పడెయ్. పాత సామాన్లు తీసుకుంటారు కదా, తీసుకోనీ."

సుమంత్ జడ మడిచి, బొమ్మ చుట్టి, కారు డిక్కీలో పెట్టాడు. వారం గడవకుండానే తెచ్చి మళ్ళీ మేకుకి తగిలించాడు. అన్నాళ్ళూ అక్షర నిద్రపోతే ఒట్టు. క్లాసులో బల్ల మీద తల వాల్చేస్తోందని టీచర్ ఫోన్ చేసింది. నీలిమ గోడవైపు తిరిగి పడుకుని, "సరే, ఉండనీ," అంది. ఒక బొమ్మ మీద అంత కుళ్ళు పుట్టిందంటే తనకే సిగ్గేసింది. అయినా కుళ్ళు కుళ్ళే.

మార్చిలో మళ్ళీ స్కాన్ తీశారు. జబ్బు కాలేయానికి పాకింది. డాక్టరమ్మ మంచి మనిషి, తిప్పి తిప్పి చెప్పలేదు. ఈ చలికాలం దాటడం కష్టమంది. ఆసుపత్రి కార్‌పార్క్‌లో సుమంత్ కారు స్టార్ట్ చేద్దామని తాళం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నీలిమే అతని చేతిలోంచి తాళం తీసుకుని, "లే, నేను నడుపుతాను. పాపకి స్కూల్ వదిలే టైమైంది," అంది.

శ్యామసుందరికి చెప్పారు. ఆవిడ విని, లోపలికెళ్ళి ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం నీలిమ కునుకు తీసి లేచేసరికి, హాల్లో అత్తగారు స్టూలు మీద నిలబడి ఉంది. ఎడం చేత్తో జపానమ్మ జుట్టు కింది కర్ర దగ్గర ఒడిసిపట్టుకుంది. కుడి చేతిలో వంటింటి కత్తెర.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"మొక్కు తీరుస్తున్నానే." శ్యామసుందరి వెనక్కి తిరగలేదు. "దేవుడికి చెందిన జుట్టు చెత్తలో పోతే ఊరుకుంటాడా? అందుకే ఇలా పాకింది. ఈవిడా మన ఇంటి మనిషే, మన చేతి నూనె రాసుకుంది. ఈవిడ జుట్టు ఇస్తే చెల్లుతుంది."

"కత్తెర ఇటివ్వండి."

"నీ ప్రాణం కోసమేనే పిచ్చిమొహమా."

"తెలుసు. ఇవ్వండి."

"మళ్ళీ పెరుగుతుంది కదా. దీనికి పెరగడం ఎంతసేపు?"

నీలిమ సోఫా పట్టుకుని నిలబడింది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం వస్తోంది ఆమెకి. "నేలకి అందడానికి ఆర్నెల్లు పట్టింది. నేనుంటానా అత్తయ్యా అప్పటిదాకా? ఇది పెరిగేలోపల నేను పోతాను. నేను పోయిన రోజు సాయంత్రం కూడా పాపని పడుకోబెట్టాలి కదా. అది చెయ్యి చాపితే చేతికి ఏం తగలాలి? చెప్పండి."

"మొన్నటిదాకా తీసి పారెయ్యమన్నది నువ్వే," అంది శ్యామసుందరి.

"మొన్నటిదాకా బతుకుతాననుకున్నాను. అందుకే ఈవిడంటే కుళ్ళుకున్నాను. మొక్కు తీరకపోతే దేవుడు నన్నేగా తీసుకుపోయేది? తీసుకుపోనివ్వండి. పాప చేతిలోది మాత్రం తియ్యొద్దు."

శ్యామసుందరి స్టూలు దిగింది. కత్తెర కోడలి చేతికిచ్చి, వంటింట్లోకి పోయి, స్టవ్ మీద ఏమీ లేకపోయినా దాని ముందు చాలాసేపు నిలబడింది.

ఆ ఆదివారం ఆవిడ పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, సుమంత్‌ని గడ్డం గీసుకునే ట్రిమ్మర్ తెమ్మంది. అరవై దాటినా ఆవిడ జుట్టు నడుం దాకా ఉండేది. సగం నెరిసినా ఒత్తు తగ్గలేదు. ఆవిడకి ఉన్న గర్వమల్లా అదొక్కటే.

"నాది తీసేయ్."

"అమ్మా, నావల్ల కాదు."

"గుళ్ళో అయితే మంగలాయన తీస్తాడు. ఇక్కడ నువ్వే. కానీ."

అతను ఏడుస్తూనే తీశాడు. ఆవిడ కదలకుండా, కళ్ళు మూసుకుని, పెదాలు ఆడిస్తూ కూర్చుంది. జుట్టంతా పాత చీరముక్కలో మూటగట్టి, తిరుపతి వెళ్తున్న చాముండేశ్వరి గారి చేత పంపించింది. కోడలి పేరు, గోత్రం రెండుసార్లు చెప్పి మరీ పంపించింది.

ఆ సాయంత్రం పుట్టినరోజు పార్టీ నుంచి వచ్చిన అక్షర నానమ్మని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇక తన దగ్గరికీ రాదు కాబోలనుకుంది శ్యామసుందరి. పిల్ల కాసేపు చూసి, దగ్గరికొచ్చి, చెయ్యి పెట్టి బరబరా రుద్దింది.

"నానమ్మా, నీ హెడ్ టెన్నిస్ బాల్ లాగుంది."

"అలాగా? ఏదీ, మళ్ళీ రుద్దు."

అక్షర మళ్ళీ రుద్దింది. కిలకిలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బెడ్‌రూమ్‌లోకి పరిగెత్తి, వాళ్ళమ్మ స్కార్ఫ్ లాగేసి, ఆ తలా రుద్దింది. "మమ్మీది ఇంకా సాఫ్ట్," అని కేకేసి చెప్పింది. నీలిమ కళ్ళు మూసుకుని, ఆ చిన్న అరచెయ్యి తల మీద తిరుగుతుంటే, అది ఎప్పటికీ ఆపకూడదని కోరుకుంది. వంటింట్లో శ్యామసుందరి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ జుట్టుతో దేవుడేం చేసుకున్నాడో తెలీదు గానీ, పిల్ల భయం మాత్రం పోయింది.

చలి ముదిరాక నీలిమ మంచం హాల్లోకి మార్చారు. రోజూ ఒక నర్సు వచ్చి నొప్పి మందు ఎక్కించి, జడ తొక్కకుండా జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళేది. అక్షర మంచం పక్కన పరుపు మీద పడుకునేది. ఒక చెయ్యి జపానమ్మ జడ మీద, ఇంకో చెయ్యి పైకి చాపి అమ్మ బోడితల మీద. అయినా జడ జారిపోతూనే ఉండేది, పాప లేస్తూనే ఉండేది.

శుక్రవారం నూనె పని ఇప్పుడు నీలిమ తీసుకుంది. లేవలేని రోజుల్లో కూడా దిండ్లకి ఆనుకుని, జడ ఒళ్ళోకి లాక్కుని రాసేది. రాస్తూ జపానమ్మతో కబుర్లు చెప్పేది. ఇన్నాళ్ళూ మొహం తిప్పుకుని తిరిగిన మనిషి, ఒక్కసారి మొదలుపెట్టాక ఆపలేదు.

"మంచి జుట్టమ్మా నీది. ఇలాంటి జుట్టు కోసం చిన్నప్పుడు నేను ఇస్త్రీపెట్టె కూడా పెట్టుకున్నాను, చెవి కాలింది. కానీ నీది జారిపోతుంది. అదే నీతో వచ్చిన చిక్కు. పిల్ల వేలికి ఆనడం లేదు."

చివరని పెన్సిల్‌కి చుట్టి చూసింది. రిబ్బనుతో ముడేసి చూసింది. ఏదీ నిలవలేదు. సిరా జుట్టు ఎంత మెలిపెట్టినా వదలగానే తిన్నగా అయిపోయేది. నీలిమకి ఉక్రోషమొచ్చి ఏడుపొచ్చింది. మందులు పనిచెయ్యనప్పుడు కూడా అంత ఉక్రోషం రాలేదు.

సుమంత్‌ని ఒక్కటే అడిగింది. "పాపని ఎక్కడికీ పంపకు. నీకెంత కష్టమైనా నీ దగ్గరే ఉంచుకో. ఇప్పటికే ఒకసారి దాని చెయ్యి ఖాళీ అయింది." సుమంత్ తలూపాడు. ఆ సమయంలో ఏమడిగినా తలూపేవాడే.

జూలైలో ఒక తెల్లవారుజామున, గడ్డి మీద మంచు ఇంకా కరగకముందు, నీలిమ పోయింది. అక్షర చెయ్యి ఆమె తల మీదే ఉంది. శ్యామసుందరి ఆ చెయ్యి తీసి పిల్ల గుండెల మీద పెట్టి, అప్పుడు కొడుకుని లేపింది.

స్ప్రింగ్‌వేల్‌లో దహనం చేశారు. ఫుమికో ఆంటీ చక్రాల కుర్చీలో వచ్చి, సుమంత్ చెయ్యి పట్టుకుని కూర్చుని వెళ్ళింది. శ్యామసుందరి ఆ తర్వాత గుడికి వెళ్ళలేదు. ఎవరైనా పిలిస్తే, "ఇచ్చింది పుచ్చుకున్నాడు, అడిగింది ఇవ్వలేదు. ఇక నాకు ఆయనతో పనేముంది," అనేది. శుక్రవారాలు వచ్చిపోయాయి. ఎవరి తలకీ నూనె లేదు. జపానమ్మ వైపు తలెత్తి చూసినవాళ్ళు కూడా లేరు.

అక్షర ఒక్కతే అక్కడ పడుకునేది, కిందికి వేలాడే ఆ చివర పట్టుకుని. జారిపోగానే లేచేది. ఇదివరకు లేస్తే తడుముకుని మళ్ళీ పట్టుకునేది, ఇప్పుడు లేచి కూర్చుని ఖాళీ మంచం వైపు చూసేది. సుమంత్ వచ్చి పక్కన పడుకుంటే కాసేపు కళ్ళు మూసుకునేది, మళ్ళీ లేచేది. నిద్రలేక అతనికి బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఒకరోజు ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తూ లాప్‌టాప్ ముందు నిద్రపోయి, పాపని స్కూల్ నుంచి తేవడమే మర్చిపోయాడు. శ్యామసుందరి పంటి నొప్పికని డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళింది. అతను లేచి పరిగెత్తేసరికి గేటు దగ్గర టీచరూ, అక్షరా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పిల్ల అడగలేదు ఎందుకు రాలేదని. అడగకపోవడమే అతన్ని చంపేసింది.

నవంబర్‌లో శ్యామసుందరి వీసా అయిపోతుంది. వెళ్ళక తప్పదు, మళ్ళీ ఎప్పుడు ఇస్తారో తెలీదు.

"పాపని కూడా తీసుకెళ్ళమ్మా," అన్నాడు సుమంత్. "రాజమండ్రిలో నీ దగ్గరుంటుంది, అక్క కూడా పక్కనే ఉంది. రెండేళ్ళు అక్కడ చదువుకోనీ. నావల్ల కావడం లేదు."

"నీలిమకి మాటిచ్చావురా."

"తెలుసు."

కొడుకు కళ్ళ కింద నలుపు కనబడుతూనే ఉంది. రెండు టికెట్లు తీశారు.

ప్రయాణానికి ముందు ఆదివారం హాలంతా సూట్‌కేసులే. అక్షర బట్టలు, బూట్లు, బొమ్మలు సర్దడం అయ్యాక, సుమంత్ అల్మరాలోంచి ఫుమికో ఆంటీ ఇచ్చిన చెక్కపెట్టె తీశాడు. అక్షర సోఫా చివర కూర్చుని చూస్తోంది.

"జపానమ్మ కూడా రాజమండ్రి వస్తుందా?"

"లేదురా. ఆవిడ నిద్రపోతుంది."

"ఎన్ని రోజులు?"

సుమంత్ గోడ వైపు తిరిగాడు. బొమ్మ మేకు నుంచి దించి, కార్పెట్ మీద పరిచాడు. జడ విప్పి, జుట్టు తిన్నగా దువ్వి, కింది కర్రకి చుట్టడం మొదలుపెట్టాడు. ఇలాంటి బొమ్మలు కింది నుంచి పైకి చుట్టాలని ఆంటీ చెప్పింది. బయట ఉన్న జుట్టంతా నున్నగా, చేపలా జారుతూ కర్రకి చుట్టుకుంది. కాగితం చుట్టడం మొదలయ్యాక పని ఇంకా తేలికైంది. పాదాలు దాటాయి. కట్టుకున్న బట్ట గీతలు దాటాయి. నడుం దగ్గరికి వచ్చేసరికి కాగితంలోంచి ఏదో అతని వేళ్ళకి చిక్కుకుంది.

విడిపించుకుందామని చెయ్యి లాగాడు. రాలేదు. వంగి చూశాడు.

నడుం నుంచి మెడ దాకా ఉన్న జుట్టు కాగితం మీద పడుకుని లేదు. పైకి లేచి, వదులు వదులుగా మెలికలు తిరిగి, రింగులు రింగులుగా ఉంది. జుట్టు పెరిగేది కుదుళ్ళ దగ్గర్నుంచే కదా. జూలై తర్వాత వచ్చిందంతా రింగులే. అతను చూపుడువేలు ఒక రింగులో పెట్టాడు. అది అతని వేలి చుట్టూ బిగుసుకుంది. ఆ బిగువు అతనికి తెలుసు. ఏళ్ళ తరబడి చొక్కా బొత్తాల నుంచి విప్పుకున్న బిగువు అది. పక్కనున్న సూట్‌కేసు మీద కూలబడ్డాడు.

వంటింట్లోంచి వచ్చిన శ్యామసుందరి కొడుకు ముఖం చూసింది, చేతిలో ఉన్నది చూసింది. వంగి, అరచెయ్యి ఆ జుట్టు మీద ఆనించి, కొంచెంసేపు అలాగే ఉంచింది. తర్వాత లేచి, "గిన్నె వెచ్చబెడతాను. ఎన్నాళ్ళైందో నూనె పడి," అంటూ వెళ్ళింది. అది శుక్రవారం కాదని ఇద్దరికీ తెలుసు.

సుమంత్ చుట్టిందంతా మళ్ళీ విప్పాడు. అక్షర గదిలోకి తీసుకెళ్ళి, మంచం పక్క గోడకి, బాగా కిందికి మేకు కొట్టి తగిలించాడు. జపానమ్మ మెడ పాప దిండుకి సమానంగా వచ్చింది. మిగిలిన పాత జుట్టు మంచం కింద కుప్పగా పడితే, పడనిచ్చాడు. శ్యామసుందరి వచ్చి, కుదుళ్ళకి నూనె అద్ది, రింగులు చెదరకుండా చేతి వేళ్ళతోనే చిక్కు తీసింది.

ఏడున్నరకి ఇంకా ఎండగానే ఉంది. కర్టెన్లు దించారు. అక్షర మంచం ఎక్కి, గోడవైపు తిరిగి, అలవాటుగా చెయ్యి చాపింది. చెయ్యి ఆగింది. వేళ్ళు తడుముకున్నాయి. చూపుడువేలు ఒక రింగులో దూరింది, గుప్పిట మూసుకుంది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఏమంటుందోనని చూశారు. అప్పటికే నిద్రపోయింది.

తెల్లారింది. వంటింట్లో శ్యామసుందరి కాఫీ కలుపుతుంటే సుమంత్ ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలా నెలల తర్వాత అతని ముఖంలో నిద్రపోయిన జాడ ఉంది.

"అమ్మా, టికెట్ ఒకటి కేన్సిల్ చేస్తున్నాను."

"పాపదేనా?"

"పాపదే."

శ్యామసుందరి కళ్ళు తుడుచుకుని, అతనికి కాఫీ ఇచ్చి, గది తలుపు కొంచెం తీసి తొంగిచూసింది. ఎనిమిదిన్నర దాటింది. అక్షర గుప్పిట నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. స్కూలుకి లేటవుతోందని తెలిసినా ఆ రోజు పాపని ఎవరూ లేపలేదు.